కాలిఫోర్నియాలో చిన్న వైనరీ: ఏ అనుమతి ముందు, ఏది తరువాత

లివర్‌మోర్ దగ్గర అయిదెకరాలు కొన్నవారు, లోడై ద్రాక్షతోటలో వాటా తీసుకున్నవారు, గ్యారేజీలో రెండు పీపాలు పెట్టుకుని చేయి తిరిగినవారు అందరూ అడిగేది ఒకటే: లైసెన్సుకు ఎక్కడ దరఖాస్తు పెట్టాలి? చిక్కంతా ఈ ప్రశ్నలోనే ఉంది. కాలిఫోర్నియాలో వైనరీకి ఒకే లైసెన్సు అంటూ లేదు. కౌంటీ, రాష్ట్రం, ఫెడరల్ ప్రభుత్వం ఎవరికి వారే అనుమతులిస్తారు. ఒకరిచ్చిన కాగితాన్ని మరొకరు అడుగుతారు. ఈ వరుస తప్పితే ఒక పంట చేజారుతుంది, ఒక పంట అంటే ఏడాది.

ఏడాదికి అయిదు వేల గ్యాలన్ల లోపు తయారుచేయాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. గ్యాలన్ అంటే 3.785 లీటర్లు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు అయిదు. అయిదు వేల గ్యాలన్లంటే పాతిక వేల సీసాలు. చిన్న వైనరీ అనుకుంటాం గాని, అమ్మబోయేటప్పుడు ఆ సంఖ్య ఏమీ చిన్నది కాదు.

## 1. మీకు కావలసింది వైనరీయా, వైన్ వ్యాపారమా?

ముందు దీన్ని తేల్చుకోండి. దారులు మూడున్నాయి.

సొంత వైనరీ. మీ స్థలం, మీ ట్యాంకులు, మీ పర్మిట్లు. కౌంటీ నుంచి భూవినియోగ అనుమతి, టీటీబీ నుంచి బేసిక్ పర్మిట్, రాష్ట్ర ఏబీసీ నుంచి టైప్ 02 (వైన్ తయారీదారు) లైసెన్సు కావాలి. టీటీబీ అంటే ఫెడరల్ ఖజానా శాఖ కింద మద్యం, పొగాకు పన్నులు, వ్యాపారం చూసే సంస్థ. ఏబీసీ అంటే కాలిఫోర్నియా మద్య పానీయాల నియంత్రణ శాఖ. ఖర్చు, కాలం ఎక్కువగా పట్టేది ఈ దారిలోనే.

ఒకే వైనరీని వంతులవారీగా వాడుకోవడం. ఇప్పటికే నడుస్తున్న వైనరీలో చోటు, యంత్రాలు అద్దెకు తీసుకుంటారు. పర్మిట్ మీదే, టైప్ 02 మీదే, రికార్డులు, పన్నులు, లేబుళ్లు కూడా మీవే. కట్టడం తప్పుతుంది గాని కాగితం పని తప్పదు. వైన్ నిజంగా మీరే చేస్తున్నారా, ఆతిథ్య వైనరీ చేస్తుంటే మీరు పేరుకు మాత్రమే ఉన్నారా అని టీటీబీ గట్టిగానే ఆరా తీస్తుంది.

కస్టమ్ క్రష్. ద్రాక్ష మీది, వైన్ చేసేది మరొకరు. చట్టం దృష్టిలో ఉత్పత్తిదారు వారే, మీరు కారు. అందువల్ల మీకు టీటీబీ నుంచి హోల్‌సేలర్ బేసిక్ పర్మిట్, ఏబీసీ నుంచి టైప్ 17, టైప్ 20 లైసెన్సుల జోడీ ఉంటే చాలు. టైప్ 17తో దుకాణాలకు, రెస్టారెంట్లకు అమ్మవచ్చు. టైప్ 20తో వినియోగదారులకు అమ్మవచ్చు. వైనరీకి ఉన్నట్టు సొంత టేస్టింగ్ రూమ్ నడిపే హక్కు మాత్రం ఈ జోడీతో రాదు.

మొదటిసారి దిగేవారిలో ఎక్కువమందికి కస్టమ్ క్రషే సరిపోతుందని నా అభిప్రాయం. రెండు మూడు పంటలు అమ్మి చూస్తే వైన్ చేయడం కష్టమో అమ్మడం కష్టమో మీకే తెలిసిపోతుంది. టేస్టింగ్ రూమే మీ వ్యాపారానికి ఆధారమైతే మాత్రం ఈ దారి వద్దు.

ఇంటి వైన్ గురించి ఒక హెచ్చరిక. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది వయోజనులున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100 గ్యాలన్లు సొంత వాడకానికి పన్ను లేకుండా చేసుకోవచ్చు. అందులో ఒక్క సీసా కూడా అమ్మకూడదు. పర్మిట్ వచ్చాక ఆ పాత పీపాలను వైనరీలోకి తెచ్చి అమ్మకపు సరుకులో కలపడం కూడా కుదరదు.

## 2. మొదటి మెట్టు కౌంటీ ప్లానింగ్ కార్యాలయం

ఏబీసీ దరఖాస్తులో జోనింగ్ గురించి, అంటే ఆ స్థలంలో ఏ పనికి అనుమతి ఉందో దాని గురించి, ప్రమాణపత్రం ఇవ్వాలి. ఆ స్థలంలో వైనరీకి స్థానిక అనుమతి లేకపోతే పై అంతస్తుల కాగితాలు ఎంత చక్కగా నింపినా లాభం లేదు. కాబట్టి భూమి కొనకముందే, లీజు మీద సంతకం పెట్టకముందే కౌంటీ ప్లానర్‌తో మాట్లాడండి. చాలా కౌంటీల్లో దరఖాస్తుకు ముందు సమావేశం అడిగే వీలుంటుంది. దానికి కట్టే రుసుము మీరు పెట్టే ఖర్చుల్లోకెల్లా దండుగ కానిది.

‘వ్యవసాయ భూమే కదా, ద్రాక్ష కూడా వ్యవసాయమే కదా’ అనుకోకండి. ద్రాక్ష పండించడం వేరు, పులియబెట్టి సీసాల్లో నింపడం వేరు, జనాన్ని పిలిచి రుచి చూపించడం వేరు. కౌంటీ ఈ మూడింటినీ విడివిడిగా చూస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ అభ్యంతరాలు వచ్చేది మూడోదానికి. పొరుగువారికి పులుస్తున్న ద్రాక్ష వాసనతో పేచీ ఉండదు, శనివారం మధ్యాహ్నం ఇరుకు రోడ్డు మీద వచ్చే కార్లతోనే ఉంటుంది.

నిబంధనలు కౌంటీకి కౌంటీకి మారతాయి. అన్నిటికన్నా కఠినమైనవాటిలో నాపా ఒకటి. అక్కడ 1990లో వచ్చిన వైనరీ నిర్వచన ఆర్డినెన్సు ప్రకారం వ్యవసాయ మండలాల్లో పెట్టే కొత్త వైనరీ తన ద్రాక్షలో 75 శాతం నాపా కౌంటీలో పండినదే వాడాలి. రాష్ట్ర రహదారులు, పెద్ద రోడ్ల నుంచి 600 అడుగులు, మిగతా రోడ్ల నుంచి 300 అడుగులు వదలాలి. సందర్శకులు ముందుగా సమయం తీసుకునే రావాలి. లోడైలో తోట ఉండి నాపాలో వైనరీ పెడదామనుకునేవారి లెక్క ఆ 75 శాతం దగ్గరే తప్పుతుంది.

యూజ్ పర్మిట్, అంటే ఆ వాడకానికి కౌంటీ విడిగా ఇచ్చే అనుమతి, కావలసి వస్తే కాలిఫోర్నియా పర్యావరణ నాణ్యతా చట్టం కింద సమీక్ష, పొరుగువారికి నోటీసులు, బహిరంగ విచారణ ఉంటాయి. వీటికి నెలలు పడుతుంది. వివాదం రేగితే ఏళ్లు కూడా పట్టవచ్చు.

ప్లానర్‌ను అడగవలసినవి:

- ఈ స్థలం జోనింగ్‌లో వైనరీకి నేరుగా అనుమతి ఉందా, యూజ్ పర్మిట్ కావాలా?
- కనీసం ఎన్ని ఎకరాలుండాలి, రోడ్డు నుంచి ఎంత దూరం వదలాలి?
- సొంత లేదా స్థానిక ద్రాక్ష ఇంత శాతం ఉండాలన్న షరతు ఉందా?
- రోజుకు ఎంతమంది సందర్శకులు, ఏడాదికి ఎన్ని కార్యక్రమాలు?
- సంగీతం, ఆహారం, పెళ్లిళ్లకు అనుమతి ఉందా?
- భూమి విలియమ్సన్ చట్టం ఒప్పందం (తక్కువ ఆస్తిపన్నుకు బదులుగా వ్యవసాయానికే ఉంచే ఒప్పందం) కింద ఉందా? ఉంటే ఏ పనులు కుదరవు?
- పాత గోదామును వైనరీగా మార్చాలంటే అగ్నిమాపక, భవన శాఖలు ఏమేమి అడుగుతాయి?

జవాబులు ఈమెయిల్‌లో రాబట్టండి. కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పింది విచారణలో పనికిరాదు.

ఇవన్నీ విని బెదిరిపోతే పారిశ్రామిక జోనింగ్ ఉన్న గోదాము ఒకటి చూసుకోండి. నగర మురుగు కాలువ, మూడు ఫేజుల కరెంటు, లారీ వచ్చే తలుపు ఉంటే సగం తలనొప్పి తగ్గినట్టే. తోట పక్కనే వైనరీ ఉండాలని వైన్‌కేమీ పట్టింపు లేదు.

## 3. నీళ్లు, వ్యర్థజలం

దీన్ని చివరికి వదిలేసేవారే ఎక్కువ. ట్యాంకులు, పీపాలు, నేల కడిగిన నీళ్లలో చక్కెర, ఆమ్లాలు, ఈస్టు ఉంటాయి. వాటిని మామూలు సెప్టిక్ ట్యాంకులోకి వదలకూడదు.

నగర మురుగు కాలువలోకి వదిలేటట్టయితే స్థానిక మురుగునీటి సంస్థ అనుమతి కావాలి. పొలానికి పారించినా, చెరువులో నిలిపినా, భూమిలోకి ఇంకించినా రాష్ట్ర జలవనరుల నియంత్రణ మండలి 2021 జనవరిలో ఆమోదించిన వైనరీ ఉత్తర్వు వర్తిస్తుంది. ఏడాదికి 10,000 గ్యాలన్ల కంటే తక్కువ వ్యర్థజలమైతే దాని నుంచి మినహాయింపు. 10,000 నుంచి 30,000 వరకు మొదటి శ్రేణి, ఆపైన 3 లక్షల వరకు రెండోది. శ్రేణి పెరిగేకొద్దీ పరీక్షలు, నివేదికలు పెరుగుతాయి.

మినహాయింపు వస్తుందో లేదో ఊహించవద్దు. ఒక గ్యాలన్ వైన్‌కు కడుగుడు నీళ్లు కొన్ని గ్యాలన్లు పోతాయి. అయిదు వేల గ్యాలన్ల వైన్ చేసే చోటు ఆ హద్దును సులువుగా దాటుతుంది. నీటి మీటరు మొదటి రోజునే బిగించండి.

బావి నీళ్లు వాడేవారు ఇంకో లెక్క చూడాలి. ఏడాదిలో 60 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ, రోజుకు కనీసం 25 మంది ఆ నీళ్లు వాడితే అది ప్రజా నీటి వ్యవస్థ కిందికి వస్తుంది. పరీక్షలు, అనుమతి, నిర్వహణ అన్నీ తోడవుతాయి. వారాంతాల్లో నడిచే టేస్టింగ్ రూమ్ ఆ సంఖ్యను చేరడం పెద్ద పని కాదు. సందర్శకుల సంఖ్యను యూజ్ పర్మిట్‌లో రాసేటప్పుడే ఈ హద్దు గుర్తుంచుకోవాలి.

## 4. ఎవరి పేరు, ఎవరి డబ్బు

టీటీబీ, ఏబీసీ రెండూ యజమానుల గురించి, డబ్బు మూలం గురించి అడుగుతాయి. మనవాళ్ల దరఖాస్తులు ఆగేది ఎక్కువగా ఇక్కడే.

కంపెనీ. ముందు ఎల్ఎల్‌సీ లేదా కార్పొరేషన్ పెట్టి, ఐఆర్‌ఎస్ దగ్గర కంపెనీకి పన్ను గుర్తింపు సంఖ్య తీసుకుని, బ్యాంకు ఖాతా తెరవండి. వాటాలు రాతపూర్వకంగా ఉండాలి. ‘బావమరిది కొంత పెట్టాడు, తరువాత చూసుకుందాం’ అన్న ఏర్పాటు దరఖాస్తులో నిలవదు. డబ్బు పెట్టినవాడు వాటాదారైనా కావాలి, అప్పిచ్చినవాడైనా కావాలి. రెండింటికీ పత్రం ఉండాలి.

ఇండియా నుంచి వచ్చిన డబ్బు. తల్లిదండ్రులు పంపితే బహుమతి పత్రం, వారి బ్యాంకు స్టేట్‌మెంటు, బదిలీ రుజువు జతచేయండి. అక్కడి నివాసులు ఎల్ఆర్ఎస్ (రిజర్వు బ్యాంకు విదేశీ చెల్లింపుల పథకం) కింద ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కొక్కరు 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. మీ పేరిట ఉన్న పొలమో ఇల్లో అమ్మితే ఆ సొమ్ము ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు చేరుతుంది. పన్నులు కట్టాక అక్కడి నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు తెచ్చుకోవచ్చు. అమ్మకపు దస్తావేజు తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం సిద్ధం చేసుకోండి. విదేశీయుల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి బహుమతి అందితే ఐఆర్‌ఎస్‌కు ఫారం 3520 విడిగా పంపాలి. దీనికి వైనరీతో సంబంధం లేదు గాని, మరిస్తే జరిమానా భారీగా పడుతుంది.

వీసా. హెచ్-1బీ మీద ఉన్నవారు వాటాదారుగా ఉండవచ్చు. వేరే యజమాని ద్వారా తీసుకున్న ఆ వీసా మీద తమ వైనరీలో తామే పనిచేయడం కుదరదు. వారాంతంలో పీపాలు కడగడం కూడా పనే. దరఖాస్తులో మిమ్మల్ని మేనేజరుగా రాసేముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగండి.

దుకాణాలు, రెస్టారెంట్లు. మద్యం తయారుచేసేవారికి చిల్లర దుకాణాల్లో వాటా ఉండకూడదన్నది ఇక్కడి మూలసూత్రం. దీన్నే టైడ్ హౌస్ చట్టం అంటారు. మన కుటుంబాల్లో గ్యాస్ స్టేషన్, కిరాణా, హోటల్, బీరు వైన్ అమ్మే రెస్టారెంటు ఏదో ఒకటి ఉండటం మామూలే. అందులో మీకో మీ భార్యకో భర్తకో వాటా ఉంటే వైనరీ దరఖాస్తుకు అడ్డం రావచ్చు. వైనరీలకు కొన్ని మినహాయింపులున్నాయి గాని ప్రతిదానికీ షరతులున్నాయి. ఈ ఒక్క విషయానికి ఏబీసీ వ్యవహారాలు తెలిసిన న్యాయవాదికి డబ్బివ్వండి. దాచిపెట్టడం మాత్రం వద్దు, అబద్ధపు ప్రమాణపత్రం అసలు సమస్య కన్నా పెద్దది.

## 5. టీటీబీ పర్మిట్

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, రుసుము లేదు. రెండు అనుమతులు కలిపి అడుగుతారు: వైన్ ఉత్పత్తిదారుగా బేసిక్ పర్మిట్, పన్ను కట్టని వైన్‌ను నిల్వ ఉంచే బాండెడ్ వైనరీగా నమోదు.

సిద్ధం చేసుకోవలసినవి:

- కంపెనీ పత్రాలు, సంతకం చేసే అధికారం ఎవరిదో తెలిపే తీర్మానం
- ముఖ్య యజమానులు, అధికారుల వివరాల ప్రశ్నావళి
- డబ్బు మూలం రుజువులు
- లీజు లేదా దస్తావేజు
- స్థలం పటం, భద్రత వివరాలు
- పర్యావరణం, నీటి నాణ్యతల గురించిన రెండు ఫారాలు

పటం విషయంలో తొందరపడకండి. బాండెడ్ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీయాలి. టేస్టింగ్ రూమ్, అమ్మకపు గది పన్ను కట్టిన భాగంలో ఉండాలి. ఏబీసీకి ఇచ్చే 257 ఫారం పటం, కౌంటీకి ఇచ్చిన పటం, ఇదీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఒకదానిలో తలుపు ఉండి ఇంకోదానిలో లేకపోతే ఉత్తర ప్రత్యుత్తరాలతోనే వారాలు గడుస్తాయి.

బాండు (పన్ను కడతామన్న హామీ పత్రం) గురించి పాత సలహాలు నమ్మవద్దు. ఏడాదికి ఎక్సైజ్ పన్ను 50,000 డాలర్లు దాటదని సహేతుకంగా అనుకునేవారికి 2017 నుంచి బాండు అక్కర్లేదు. మీరు ఆ కోవలోకే వస్తారు.

పర్మిట్ చేతికి రాకముందు అమ్మకం కోసం ద్రాక్ష పిండకూడదు. ‘దరఖాస్తు పెట్టేశాం, రేపో మాపో వస్తుంది’ అని సెప్టెంబరులో ట్యాంకు నింపితే ఆ వైన్ అక్రమ ఉత్పత్తి అవుతుంది. పర్మిట్ ఆలస్యమయ్యేలా ఉంటే ఆ ఏడాది ద్రాక్షను కస్టమ్ క్రష్‌కు పంపండి. అందుకే జూలైలోనే ఒక వైనరీతో మాట్లాడి ఉంచుకోవాలి. సెప్టెంబరులో అడిగితే ఎవరి దగ్గరా ఖాళీ ట్యాంకు ఉండదు.

## 6. ఏబీసీ టైప్ 02

దీన్ని టీటీబీతో పాటే మొదలుపెట్టండి, ఒకటి ముగిసేదాకా రెండోదాన్ని ఆపవద్దు. దరఖాస్తు, వ్యక్తిగత, ఆర్థిక ప్రమాణపత్రాలు, స్థలం పటం, జోనింగ్ పత్రం, వేలిముద్రలు ఇవ్వాలి. రుసుము మీ ఉత్పత్తి పరిమాణాన్ని బట్టి ఉంటుంది.

తరువాత స్థలం ముందు అందరికీ కనబడేలా నోటీసు అంటించి 30 రోజులు ఉంచాలి. ఆ వ్యవధిలో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అంటించిన రోజున తేదీ కనబడేలా ఫొటో తీసుకోండి, గాలికి చిరిగితే వెంటనే మార్చండి. నోటీసు అంటించేముందే పొరుగువారిని పలకరించి విషయం చెబితే మంచిది. గోడ మీద చదివి తెలుసుకున్న పొరుగువాడికి కోపం ముందు వస్తుంది, ప్రశ్న తరువాత వస్తుంది.

టైప్ 02తో ఏమేమి చేయవచ్చు? వైన్ చేయవచ్చు, పంపిణీదారు లేకుండా రాష్ట్రంలోని దుకాణాలకు, రెస్టారెంట్లకు నేరుగా అమ్మవచ్చు, వినియోగదారులకు అమ్మవచ్చు, రుచి చూపించవచ్చు. అయితే వినియోగదారులకు అమ్మే వైన్‌లో కనీసం సగం ఆ లైసెన్సు స్థలంలో మీరు ఉత్పత్తి చేసినదై ఉండాలి. బయట కొన్న వైన్‌కు మీ లేబుల్ అంటించి టేస్టింగ్ రూమ్ నడిపేద్దామనుకునేవారు ఇక్కడ దొరికిపోతారు.

ఏబీసీ అనుమతించినదల్లా కౌంటీ అనుమతించినట్టు కాదు. లైసెన్సులో సందర్శకుల పరిమితి కనబడదు గాని యూజ్ పర్మిట్‌లో ఉంటుంది. రెండింటిలో ఏది కఠినమైతే దాన్నే పాటించాలి.

## 7. మిగిలిన నమోదులు

వీటిలో ఏదీ కష్టం కాదు, మరిచిపోవడమే తేలిక.

- సీడీటీఎఫ్ఏ: ఇది రాష్ట్ర పన్నులు, రుసుముల శాఖ. అమ్మకపు పన్నుకు సెల్లర్స్ పర్మిట్, వైన్ ఎక్సైజ్ పన్నుకు విడిగా నమోదు.
- రాష్ట్ర ఆహార, వ్యవసాయ శాఖ: రైతుల దగ్గర ద్రాక్ష కొంటే ప్రాసెసర్ లైసెన్సు. మీరే తూచి తూకం పత్రం ఇస్తే వెయిమాస్టర్ లైసెన్సు, కౌంటీ అధికారి ముద్ర వేసిన కాటా.
- గ్రేప్ క్రష్ నివేదిక: ఏటా జనవరి 10లోగా. సొంత తోట ద్రాక్ష మాత్రమే పిండినా ఇవ్వాలి.
- ఎఫ్‌డీఏ: ఫెడరల్ ఆహార, ఔషధ సంస్థ దగ్గర ఆహార కేంద్రంగా నమోదు. సరిసంఖ్య సంవత్సరాల్లో అక్టోబరు నుంచి డిసెంబరులోగా పునరుద్ధరణ.
- కాల్‌రీసైకిల్: ఇది రాష్ట్ర రీసైక్లింగ్ శాఖ. 2024 జనవరి 1 నుంచి వైన్ సీసాలకూ రీసైక్లింగ్ డిపాజిట్ వర్తిస్తోంది. 750 మిల్లీలీటర్ల సీసాకు 10 సెంట్లు.
- కార్మిక బీమా: ఒక్క ఉద్యోగి ఉన్నా తప్పనిసరి.

## 8. లేబుల్

పర్మిట్ వచ్చాకే లేబుల్ ఆమోదానికి టీటీబీకి దరఖాస్తు. అది రాకముందు లేబుళ్లు అచ్చు వేయించకండి.

లేబుళ్ల మీద ఉండవలసినవి: బ్రాండు పేరు, వైన్ రకం, ఆల్కహాల్ శాతం, పరిమాణం, సీసాలో నింపినవారి పేరు, ఊరు, సల్ఫైట్లు 10 పీపీఎం (పది లక్షల్లో పది భాగాలు) లేదా అంతకు మించితే ఆ మాట, ప్రభుత్వ ఆరోగ్య హెచ్చరిక. కాలిఫోర్నియాలో అమ్మేవాటికి డిపాజిట్ గుర్తు కూడా.

శాతాల దగ్గర ఎక్కువమంది పొరబడతారు:

- ద్రాక్ష రకం పేరు రాస్తే 75 శాతం ఆ రకమే ఉండాలి.
- కౌంటీ పేరు రాస్తే 75 శాతం ఆ కౌంటీ ద్రాక్ష.
- లోడై, లివర్‌మోర్ వ్యాలీ వంటి గుర్తింపు పొందిన ద్రాక్ష ప్రాంతం పేరు రాస్తే 85 శాతం.
- కాలిఫోర్నియా అని రాస్తే రాష్ట్ర నియమం ప్రకారం నూటికి నూరు.
- పంట సంవత్సరం రాస్తే, గుర్తింపు పొందిన ప్రాంతం పేరున్న లేబుల్ మీద 95 శాతం, కౌంటీ లేదా రాష్ట్రం పేరైతే 85 శాతం.

ఆల్కహాల్ 14 శాతం లోపుంటే లేబుల్ మీది అంకెకు, అసలుకు 1.5 శాతం తేడా ఉండవచ్చు. 14 దాటితే 1 శాతమే. ఏ తేడాతోనైనా ఆ 14 గీత దాటకూడదు. 14.3 ఉన్నదాన్ని 13.9 అని రాస్తే తప్పే. కాలిఫోర్నియా ఎండకు గీత దాటే వైన్లు చాలా ఉంటాయి కాబట్టి సీసాల్లో నింపేముందు ప్రయోగశాలలో పరీక్ష చేయించండి.

మామిడి వైన్ సంగతి తరచూ అడుగుతున్నారు. పండుతోనే చేసే వైన్ టైప్ 02 పరిధిలోకే వస్తుంది. అందులో ఏలకులో అల్లమో వేస్తే మాత్రం లేబుల్ కన్నా ముందు టీటీబీ దగ్గర ఫార్ములా ఆమోదం తీసుకోవాలి. ద్రాక్షరసంలో చక్కెర కలిపి ఆల్కహాల్ పెంచడం కొన్ని రాష్ట్రాల్లో చెల్లుతుంది, కాలిఫోర్నియాలో చెల్లదు.

## 9. పన్నులు, లెక్కలు

పన్ను భారం మీరు భయపడేంత ఉండదు. 16 శాతం లోపు ఆల్కహాల్ ఉన్న మామూలు వైన్‌కు ఫెడరల్ పన్ను గ్యాలన్‌కు 1.07 డాలర్లు. మొదటి 30,000 గ్యాలన్లకు గ్యాలన్‌కు ఒక డాలర్ తగ్గింపు ఉంది. అంటే 7 సెంట్లే. అయిదు వేల గ్యాలన్లకు 350 డాలర్లు. రాష్ట్ర పన్ను గ్యాలన్‌కు 20 సెంట్లు, అంటే 1,000 డాలర్లు.

అంత చిన్న మొత్తానికి లెక్కలు మాత్రం పెద్దవాళ్లతో సమానంగా రాయాలి. ఎన్ని టన్నులు వచ్చాయి, ఎన్ని గ్యాలన్లయ్యాయి, పీపాల్లో ఎంత ఆవిరైంది, ఎంత సీసాల్లోకి వెళ్లింది, బాండెడ్ భాగం నుంచి ఏ రోజు ఎంత బయటికి వచ్చింది అన్నీ ఉండాలి. టేస్టింగ్ రూమ్‌లో పోసిన సీసాలూ లెక్కలోకే వస్తాయి. అమ్మకం లేని కాలానికి కూడా ఉత్పత్తి నివేదిక పంపాలి. సున్నా రాసి పంపడం వేరు, పంపకపోవడం వేరు.

## 10. టేస్టింగ్ రూమ్, పార్సిళ్లు

పోసేవారందరికీ, వారి పైన ఉండే మేనేజర్లకు రాష్ట్ర ఆర్‌బీఎస్ (బాధ్యతగా మద్యం వడ్డించడం) శిక్షణ ధ్రువీకరణ ఉండాలి. చేరిన 60 రోజుల్లోగా తీసుకోవాలి, మూడేళ్లు చెల్లుతుంది. కుటుంబ సభ్యులకు మినహాయింపు లేదు.

డాలస్‌లోని స్నేహితుడికి వైన్ పెట్టె పంపాలంటే టెక్సస్ పర్మిట్ కావాలి. అక్కడ ఒక వినియోగదారుకు నెలకు 9 గ్యాలన్లు, ఏడాదికి 36 గ్యాలన్లు పరిమితి. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే పర్మిట్, పన్ను, నివేదిక. ఉటాకు మామూలుగా పంపనే కూడదు. అన్ని రాష్ట్రాలూ ఒకేసారి తీసుకోకుండా కొనుగోలుదారులు నిజంగా ఉన్న రెండు మూడింటితో మొదలుపెట్టండి. ప్రభుత్వ పోస్టులో మద్యం పంపడం నిషేధం. ప్రైవేటు కొరియర్లు ముందుగా ఒప్పందం చేసుకున్న లైసెన్సుదారుల దగ్గరే తీసుకుంటాయి, 21 ఏళ్లు నిండినవారి సంతకం తీసుకునే ఇస్తాయి.

## 11. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

స్నేహితులతో ఉచితంగా పని చేయించుకోవడం. ద్రాక్ష కోతకు పది కుటుంబాలు వచ్చి సరదాగా పనిచేసి, భోంచేసి వెళ్లడం మనకు సహజం. లాభాపేక్షతో నడిచే వ్యాపారంలో కాలిఫోర్నియా కార్మిక చట్టం దీన్ని ఒప్పుకోదు. కాస్ట్రో వ్యాలీలోని ఒక చిన్న వైనరీకి స్వచ్ఛందంగా వచ్చినవారితో పనిచేయించుకున్నందుకు 2014లో లక్ష డాలర్లకు పైగా జరిమానా పడింది. దిద్దుబాటు: అమ్మకపు ద్రాక్షకు జీతమిచ్చే కూలీలను పెట్టండి. స్నేహితులను భోజనానికి పిలవండి.

దుకాణానికి ప్రచారం చేసిపెట్టడం. ‘మా వైన్ ఫలానా దుకాణంలో దొరుకుతుంది, అక్కడ చాలా బాగుంటుంది’ అని పోస్టు పెడితే చిల్లర వ్యాపారికి ఉచితంగా లాభం చేకూర్చినట్టు అవుతుంది. 2014లో శాక్రమెంటో వైన్ ఉత్సవం గురించి, దాన్ని స్పాన్సర్ చేసిన కిరాణా సంస్థ పేరుతో ట్వీట్ చేసిన వైనరీల మీద ఏబీసీ చర్య తీసుకుంది. దిద్దుబాటు: వ్యాపారిని పొగడకండి, అతని ధర రాయకండి, ఆచూకీ మాత్రం చెప్పవలసి వస్తే చట్టం అనుమతించే పద్ధతిని ముందే తెలుసుకోండి.

వాటాలు మార్చి ఊరుకోవడం. కంపెనీపై నియంత్రణ చేతులు మారితే 30 రోజుల్లోగా టీటీబీకి కొత్త దరఖాస్తు పెట్టాలి. లేకపోతే పాత పర్మిట్ దానంతటదే రద్దవుతుంది. దిద్దుబాటు: వాటాల బదిలీ పత్రం మీద సంతకం పెట్టే రోజుకే టీటీబీ, ఏబీసీ కాగితాలు సిద్ధంగా ఉంచండి.

పంట తేదీ నుంచి వెనక్కి లెక్కించకపోవడం. కోత ఆగస్టు చివర మొదలవుతుంది. యూజ్ పర్మిట్ అవసరమైన స్థలమైతే ఈ ఏడాది పంటను లెక్కలోకి తీసుకోకండి. అనుమతి ఉన్న గోదామైతే జనవరిలో కౌంటీ, ఫిబ్రవరికల్లా కంపెనీ, బ్యాంకు, డబ్బు పత్రాలు, మార్చిలో టీటీబీ, ఏబీసీ రెండు దరఖాస్తులూ వెళ్లిపోవాలి. జూన్‌కల్లా సీడీటీఎఫ్ఏ, ప్రాసెసర్ లైసెన్సు, కాటా ముద్ర. జూలై చివరికీ పర్మిట్ రాకపోతే కస్టమ్ క్రష్ ఒప్పందం మీద సంతకం పెట్టేయండి.

ద్రాక్ష ఒప్పందం ముందే చేసుకోవడం. పర్మిట్ వస్తుందన్న ధైర్యంతో పది టన్నులకు మాటిస్తే రైతు ఆగడు, ద్రాక్ష అసలే ఆగదు. దిద్దుబాటు: పర్మిట్ ఆలస్యమైతే ద్రాక్షను మరో వైనరీకి తరలించే హక్కు మీకుందని ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోండి. ఆ వాక్యానికి రైతు ఒప్పుకోకపోతే ఇంకో రైతును చూసుకోండి.